అనాసపండు మీద స్కెచ్ పెన్ను గీతలు

తిరుపతి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరే మామా,

ఫోన్‌లో చెప్తే సగం విని "సర్లేరా" అనేస్తావని ఉత్తరమే రాస్తా ఉండా. మొన్న నువ్వు పంపిన మెసేజి గురించి. ప్రతి పువ్వులోనూ 1.618 అని దేవుడి సంతకం ఉండాదంట, అందుకే పూలు మనకు అందంగా కనపడతాయంట, పదిమందికి పంపితే మంచి జరుగుతాదంట. పదిమందికి నేను పంపలా. స్కెచ్ పెన్నులు తీసుకోని కూర్చున్నా.

మొదట చేతికి దొరికింది అనాసపండు. మీ చెల్లెలు కోసేదానికని తెచ్చి పెట్టుకోనుంది. దాని కండ్లు ఏటవాలుగా వరసలు కట్టి ఉంటాయి గదా. ఒక పక్కకు తిరిగే వరసలకి ఎర్ర గీతలు, ఇంకో పక్కకు తిరిగేవాటికి నల్ల గీతలు లాగినా. ఎర్రవి 8, నల్లవి 13. "పండు కొయ్యనిస్తారా, దానికి జాతకం రాస్తారా?" అని మీ చెల్లెలు కత్తి పట్టుకోని నిలబడింది. దండం పెట్టి ఇంకో అరగంట ఆపినా.

మిద్దె మీద కుండీలో ఒక పొద్దుతిరుగుడు పూసుంది. గింజలు రెండు పక్కలకీ సుడి తిరిగి ఉంటాయి. ఒకపక్క సుడులు లెక్కపెడితే 33 వచ్చినాయి. మళ్ళీ పెడితే 35. ఎండకు తల తిరిగింది కానీ పట్టు వదల్లా. మూడోసారి మొదలుపెట్టిన చోట గుండుసూది గుచ్చి లెక్కపెట్టినా. 34. రెండో పక్క 55.

5, 8, 13, 21, 34, 55. ముందున్న రెండూ కూడితే తర్వాతది. ఈ వరసని ఫిబొనాచ్చి సంఖ్యలంటారని నీకూ తెలుసు. 55ని 34తో భాగిస్తే నీ మెసేజిలోని 1.618 దగ్గరికే వస్తాది. కానీ ఇవి నీ వీపుకు ఇంకా బాగా తెలుసు. ఎట్లా అంటావా? కందపద్యం గణాలు చెప్పమంటే నువ్వు "గగ, భ, జ, స" అని నలం మింగేసినావు, అయ్యోరు బెత్తం తీసినాడు, గుర్తుండాదా? బేసి స్థానంలో జగణం పెట్టిన పొద్దు ఇంకో రెండు పడినాయిలే, అది వేరే కత.

ఆ ఐదు గణాలే ఎందుకో అప్పుడు మనకు ఎవురూ చెప్పలా. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. నాలుగు మాత్రల్ని ఎన్ని రకాలుగా నింపొచ్చు? చివర గురువు పెడితే ముందు రెండు మాత్రలు మిగులుతాయి, వాటిని నింపేది 2 రకాలు. చివర లఘువు పెడితే మూడు మాత్రలు మిగులుతాయి, వాటికి 3 రకాలు. మొత్తం 5. గగ, భ, జ, స, నల, అంతే, ఆరోది పుట్టదు. ఐదు మాత్రలకు పోతే 8, ఆరుకు 13. పీసా ఊరి ఫిబొనాచ్చి 1202లో కుందేళ్ళ లెక్క రాసినాడు. అంతకు ముందే, 1150 ప్రాంతంలో హేమచంద్రుడనే జైన పండితుడు ఈ ఛందస్సు లెక్క రాసుండాడు. ఆయనకన్నా కొన్ని వందల ఏండ్ల ముందు విరహాంకుడనే ఇంకో ఛందస్సు పండితుడు. అనాసపండు మీద మన కందపద్యం గణాల లెక్క కనపడేసరికి, నిజం చెప్తా, రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

అయితే చెట్టుకు ఛందస్సు వస్తాదా? రాదు గదా. దీనికి జవాబు నాకు గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలమ్మే ముసలామె దగ్గర దొరికింది. చామంతి దండ లావుగా, గుండ్రంగా కడతా ఉంది. "అవ్వా, పువ్వు యాడ పెట్టాలో ఎట్లా తెలుస్తాది?" అంటే, నా మొహం చూసి "సందు యాడుంటే ఆడ పెడతా నాయనా" అనింది.

1868లో హోఫ్‌మైస్టర్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు చెప్పింది కూడా ఇదే మాట. చిగురు కొనలో కొత్త మొలక, పాతవాటి మధ్య సందు ఎక్కువున్న చోట పుడతాది. పుట్టిన ప్రతి మొలకా చుట్టుపక్కల ఉండే ఆక్సిన్ అనే హార్మోన్‌ను తనవైపు లాగేసుకుంటాది, అందుకని తర్వాతది దానికి ఎడంగా జరిగి పుడతాది. ప్రతి మొలకా ముందుదానికి సగం చుట్టు తిరిగి పుడితే గింజలన్నీ రెండే గీతల్లో పడతాయి, మధ్యలో అంతా ఖాళీ. మూడోవంతు చుట్టు తిరిగితే మూడు గీతలు. 137.5 డిగ్రీలు తిరిగితే మాత్రం ఏ గింజా ఇంకోదాని వెనక సరిగ్గా పడదు, సందులన్నీ నిండిపోతాయి. 360ని 1.618తో భాగించి, వచ్చినదాన్ని 360లోంచి తీసేస్తే మిగిలేది ఈ 137.5. కాబట్టి నీ మెసేజి పూర్తి అబద్ధం కాదులే, ఒప్పుకుంటా ఉండా.

1992లో దువాడీ, కూడే అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఇనుప గుణమున్న ద్రవాన్ని చుక్కలు చుక్కలుగా నూనె పళ్ళెంలోకి వదిలినారు. అయస్కాంతం వల్ల చుక్క చుక్కను తోసేస్తాది. వాటికి ప్రాణం లేదు, విత్తనం లేదు. అయినా ఇవే సుడులు తిరిగినాయి. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలా.

నాకు ఒళ్ళు మండింది "ప్రతి పువ్వులోనూ" అన్నందుకు. నువ్వే మిద్దెక్కి చూడు. మందారానికి రెక్కలు 5, నందివర్ధనానికి 5, సరే. నూరువరహాలకి 4. తులసమ్మ ఆకులు జంటజంటలుగా వస్తాయి, ఒక జంటకీ పై జంటకీ మధ్య 90 డిగ్రీలు. మొగలి ఆకులు మూడు వరసల్లో మెలి తిరుగుతాయి. కనకాంబరమైతే రెక్కలన్నీ ఒకే పక్కకు పరిచేస్తాది, విసనకర్ర మాదిరి. ఇవి అందం తక్కువైనాయా? ఇంగ్లండులో ట్యూరింగ్ శతజయంతికని 2012లో జనం చేత పొద్దుతిరుగుడు పూలు పెంచించి, 657 పూలు లెక్కపెట్టినారు. ఎక్కువ పూలు ఫిబొనాచ్చి దారిలోనే పోయినాయి, కొన్ని పోలా. ఆ పోనివాటి మీదే నాకు ప్రేమ. (ట్యూరింగ్ అంటే కంప్యూటర్లాయనే. చివరి రోజుల్లో ఈ పూల సుడుల మీదే తలకాయ బద్దలు కొట్టుకున్నాడు.)

కొండ మీద మహాద్వారం దగ్గర అనంతాళ్వారు గునపం వేలాడదీసుంటారు, చూసినావు గదా. ఆయన స్వామి పూలతోట కోసం చెరువు తవ్వినప్పుడు ఏ చెట్టుకు ఎన్ని డిగ్రీలని కొలిచినట్టు నేను వినలేదు.

ఇంకొకటి. నిన్న మీ చెల్లెలు నందివర్ధనాలు కోస్తా ఉంటే ఒకదానికి ఆరు రెక్కలు కనపడినాయి. లెక్క తప్పింది, పక్కన పెట్టమన్నా. ఆమె నవ్వి దాన్నే ముందు తీసి స్వామి పటానికి పెట్టింది. ఎందుకంటే చెప్పదు.

సరే, అనాసపండు ఎట్టకేలకు కోసినారు. ఎర్ర సిరా నా వేళ్ళకంతా అంటుకోనుంది, ముక్కలకి కూడా కొంచెం అంటినట్టుండాది, మీ చెల్లెలికి చెప్పొద్దు. సీతాఫలాలు వచ్చే కాలానికి నువ్వొక నాలుగు రోజులు వచ్చి ఉండు. దాని గుబ్బల వరసలు లెక్కపెట్టేది నీ వంతు. నల్ల పెన్ను అయిపోవచ్చింది, వచ్చేటప్పుడు ఒకటి తెచ్చుకో.

నీ
మామ