దుప్పులతో మా ఒప్పందం

గిద్దలూరు దగ్గర మన ఊరు

బావా,

ఉత్తరం అందింది. దుప్పులు చేలో పడుతుంటే కరెంటు తీగ లాగక ఈ తంటాలెందుకని అడిగావు. నెల్లూరులో కూర్చున్నవాడివి, ఎన్నయినా అడుగుతావు. రాత్రి మోటారు వేయడానికి గట్టు వెంట నడిచే మనిషికీ దుప్పికీ ఆ తీగకు తేడా తెలియదు. దుప్పి చస్తే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు; మనిషే పోతే ఆ ఇంటి గతి ఏమిటో నువ్వే ఊహించుకో.

అసలు తగాదా దుప్పులతో కాదు, మాలో మాకే. నేను డబ్బా వాయిస్తే మంద పక్కాయన కందిలో దూరేది. ఆయన టపాసు పేలిస్తే నా శనగలోకి వచ్చేది. డబ్బున్నవాడు కంచె వేసుకుంటే, లేనివాడి చేను మేతయ్యేది. చివరికి కొండ వైపు పొలాలున్న వాళ్లమంతా రచ్చబండ దగ్గర కూర్చుని, అరిచి, అలిగి, ఒక దారికి వచ్చాం. నల్లమల నుంచి వాగుకు దిగే బాట జోలికి ఎవరూ పోకూడదు. దుప్పికి నీళ్లు కావాలి. ఆ బాట మూస్తే చేల మీదుగానే వస్తుంది. కంచె బాటకు అటూ ఇటూ, ఖర్చు ఎకరాల లెక్కన.

కంచె 8 అడుగులైనా ఉండాలి, అంతకు తక్కువైతే ఎగిరి దూకుతాయి. పొట్టి ముళ్లతీగ మరీ పాపం: దూకబోయిన దుప్పి వెనక కాళ్లు చిక్కి, రాత్రంతా కొట్టుకుంటుంది. కంచె అందని చోట పాత చీరలు కట్టాం. అవతల ఏముందో కనబడకపోతే దూకడానికి జంకుతాయి. గట్ల మీద కుళ్లిన గుడ్ల నీళ్లు చల్లుతున్నాం. వాన పడితే మళ్లీ చల్లాలి. ఆ కంపుకు దుప్పులకంటే ముందు మా బాబాయి పారిపోయాడు! దిష్టిబొమ్మలను ఒకేచోట ఉంచితే వాటికి అలవాటైపోతుంది, చోటు మారుస్తుండాలి. చీకటి పడే వేళ, తెల్లవారుజామున మంచె మీద వంతుల కాపలా. అన్నిటికంటే పని చేసింది ఇదే, అందరికీ విసుగూ ఇదే.

కుక్కలను రాత్రి కట్టేస్తున్నాం. ఊళ్లోకి దుప్పి వస్తే పిల్లలు వెంటపడేవారు. తరిమి పట్టుకున్న జింక గాయమేమీ లేకపోయినా ఆ బెదురుకే చావవచ్చు. అందుకే దూరంగా నిలబడి అటవీ సిబ్బందికి ఫోను చేయడమే. గడ్డిలో ఒంటరిగా పడుకున్న కూననూ ముట్టుకోవద్దని చెప్పాం. తల్లే దాన్ని అక్కడ దాచి మేతకు పోతుంది.

పంట పోలేదా అంటే పోయింది. ఫొటోలు తీసి పరిహారానికి అర్జీ పెట్టుకున్నాం, చూడాలి.

చేపల వలలు పంపుతానన్నావు, వద్దు. కొమ్ములు చిక్కుకుంటాయి. మీ ఇంట్లో పాత చీరలుంటే పంపు. చెల్లెమ్మను అడిగే పంపు సుమా, పెళ్లినాటి చీర నా కంచె మీద కనిపిస్తే ఇద్దరికీ మూడుతుంది.

నీ
బావ