మడ అడవిలో గీయాల్సిన బొమ్మలు

సంపాదకులకు,

ఆర్యా,

జీవశాస్త్రం రికార్డులు దిద్దిన ప్రతి అధ్యాపకుడికీ తెలిసిన సంగతే: అందులోని బొమ్మల్లో చాలా వాటిని విద్యార్థులు మొక్కను చూసి కాక, సీనియర్ల రికార్డును చూసి గీస్తారు. ఒకసారి తప్పుగా పడిన కేసరం ఏటేటా వారసత్వంగా దిగుతూనే ఉంటుంది. మరోవైపు, చేయి తిరిగిన చిత్రకళా విద్యార్థులకు ఆ మొక్కతో పనే పడదు. ఈ రెండు శాఖలనూ ఒకే నమూనా ముందు కూర్చోబెట్టే ఏర్పాటు మన విశ్వవిద్యాలయాలు చేయాలని కోరుతున్నాను.

మన తీరానికి ఇది కొత్త కాదు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారుల చేత మొక్కలను గీయించాడు. వాటిలోంచి ఎంచిన 300 చిత్రాలు 1795 మొదలుకొని లండన్‌లో మూడు సంపుటాలుగా వెలువడ్డాయి. అదే కంపెనీలో పనిచేసిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు పాట్రిక్ రస్సెల్ 1803లో అచ్చువేయించిన విశాఖపట్నం చేపల గ్రంథంలో ‘పాల సొర’ వంటి పేర్లు మన జాలర్ల నోటి మాటగానే ఉన్నాయి. (రక్తపింజరకు ఇంగ్లీషులో ఉన్నది ఈ రస్సెల్ పేరే.) రాక్స్‌బర్గ్ పుటల మీద మాత్రం గీసిన మనవాళ్ల పేర్లు లేవు.

కెమెరా ఉండగా బొమ్మలెందుకని అడిగేవారున్నారు. ఫొటోలో ఒక్క క్షణమే పడుతుంది. వేర్వేరు నెలల్లో కనబడే మొగ్గనూ, పూవునూ, కాయనూ, కోసిన అండాశయాన్నీ ఒకే కాగితం మీద కొలతలతో చూపగలిగేది చిత్రకారుడే. ఎండబెట్టిన నమూనాలో రంగు నిలవదు కనుక దానిని అక్కడికక్కడే పట్టుకోవాలి. కాకినాడ పక్కనే ఉన్న కోరింగ మడ అడవిలో నల్లమడ ఆకును వెలుగుకు వాల్చి చూస్తే, చెట్టు బయటికి నెట్టేసిన ఉప్పు పలుకులు మెరుస్తాయి. దాని వేళ్లు కొన్ని బురదలోంచి పైకి పొడుచుకొని నిలబడతాయి. వాటిని గీయడానికి కూర్చున్న విద్యార్థి వేరు పైకెందుకు పెరిగిందని అడగక మానడు. బురదలో గాలి ఆడదన్న జవాబు పక్కన కూర్చున్న వృక్షశాస్త్ర విద్యార్థి దగ్గర దొరుకుతుంది.

పర్యావరణ దినోత్సవం నాడు ప్రహరీ గోడల మీద చెట్లనూ పిట్టలనూ వేయించడం నేను అడుగుతున్నది కాదు. ఆ పిట్ట ఏ జాతిదో వేసినవారికీ తెలియదు, చూసేవారికీ తెలియదు.

అటవీశాఖ అనుమతితో, సముద్రం పాటు మీద ఉండి నీరు వెనక్కి తగ్గే వేళల్లో, స్థానిక మత్స్యకారులను వెంటబెట్టుకొని ఈ పని సాగాలి. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే ముప్పని ముందుగా హెచ్చరించేది వాళ్లే. వారికి ఆ రోజుల కూలి విశ్వవిద్యాలయమే చెల్లించాలి. తయారైన ప్రతి పటానికీ రెండు శాఖల్లోనూ మార్కులు ఇవ్వాలి. గీసినవారి పేరు, మొక్కను గుర్తించినవారి పేరు, దాని స్థానిక నామం చెప్పినవారి పేరు దాని మీదే రాయించాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
కాకినాడ