216 వాయిదాలు 338 ఎలా అయ్యాయి? కేంద్ర బ్యాంకు గవర్నర్ గారికి బహిరంగ లేఖ

గవర్నర్ గారికి,

నమస్కారం. నేను ఇంటి అప్పు కడుతున్న ఒక ఉద్యోగిని. 20 ఏళ్ల గడువుకు తీసుకున్నాను. మొదటి రెండేళ్లు 7 శాతం వడ్డీ, ఆ తర్వాత మార్కెట్‌ను బట్టి మారుతుందన్నారు. 24 వాయిదాలు ఒక్క నెల కూడా తప్పకుండా కట్టాను. ఇంకా 216 మిగిలాయనుకుంటూ స్టేట్‌మెంట్ తెరిస్తే, అక్కడ 338 అని ఉంది.

ముందు ఏదో పొరపాటు పడిందనుకున్నాను. కాగితం తీసుకుని లెక్క వేసి చూస్తే అది సరిగ్గానే ఉంది. రేటు 9 శాతమైంది. ఈఎంఐ ముట్టుకోకుండా గడువు పెంచేశారు. అంతకుముందు నెల నేను కట్టిన ప్రతి వందలో 72 వడ్డీకి పోయింది, ఇప్పుడు 92 పోతోంది. అసలుకు జమయ్యేది 8. పదేళ్లకు పైగా నా జీవితాన్ని అప్పుకు రాసిచ్చేశారు, నన్ను ఒక్క మాట అడగకుండా.

రేటు పెంచినందుకు నేను ఈ లేఖ రాయడం లేదు. ధరలు అదుపు తప్పితే పెంచక తప్పదని నాకూ తెలుసు. నా బాధంతా అంతకుముందు జరిగినదాని గురించి.

మీరు డబ్బు వదులు చేసి, రేట్లు 9 నుంచి 7 శాతానికి దిగినప్పుడు ఏమైందో చూడండి. 20 ఏళ్ల అప్పు మీద అదే ఈఎంఐతో దాదాపు 16 శాతం ఎక్కువ అప్పు వస్తుంది. జీతం పెరగలేదు, అర్హత పెరిగింది. నా ఒక్కడికే కాదు, ఇల్లు కొనాలనుకున్న అందరికీ పెరిగింది. ఇళ్లేమో ఉన్నన్నే ఉన్నాయి. ఇక పెరిగేది ధరే కదా! వడ్డీలో మాకు మిగిలిందనుకున్నది ధర రూపంలో చాలావరకు అమ్మినవాళ్లకే వెళ్లిపోయింది. తర్వాత మీరు బిగించారు. ఇంటి ధర తగ్గితే తగ్గొచ్చు, నేను సంతకం పెట్టిన అసలు మాత్రం తగ్గదు.

షేర్లలోనూ ఇదే తీరు. డిపాజిట్ మీద వడ్డీ చాలక రిటైరైన పెద్దవాళ్లు కూడా అటు వెళ్తారు. అప్పు చేసి కొన్నవాళ్లు ధర పడగానే అమ్మక తప్పదు, ఆ అమ్మకాలతో ధర ఇంకా పడుతుంది.

ఇది కొత్త సంగతి కాదని మీకు నేను చెప్పాలా? జపాన్‌లో చవక అప్పుతో భూములూ షేర్లూ ఆకాశానికెక్కాయి. అక్కడి కేంద్ర బ్యాంకు 1989 మే నుంచి 1990 ఆగస్టు వరకు తన డిస్కౌంట్ రేటును, అంటే తాను బ్యాంకులకు అప్పిచ్చే రేటును, 2.5 నుంచి 6 శాతానికి పెంచింది. 1989 చివరి రోజు ముగింపు స్థాయిని అక్కడి షేర్ల సూచీ నిక్కీ మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో. అంటే 34 ఏళ్లు. అప్పట్లో అప్పు చేసి కొన్న మనిషి సర్వీసంతా అందులోనే అయిపోయి ఉంటుంది. అమెరికాలో కేంద్ర బ్యాంకు 2003లో 1 శాతానికి దించిన తన వడ్డీ రేటును 2004 జూన్ నుంచి రెండేళ్లలో 17 సార్లు పెంచి 5.25కి చేర్చారు. మొదట తక్కువ వడ్డీ చూపించి తర్వాత మార్చే అప్పులు తీసుకున్న ఎన్నో కుటుంబాలు ఇళ్లు పోగొట్టుకున్నాయి. నా అప్పు కూడా అలాంటిదే. అందుకే అది చదివినప్పుడల్లా టెన్షన్‌తో నిద్ర పట్టదు.

మీ చేతిలో ఉన్నది వడ్డీ రేటు ఒక్కటే కాదు. డబ్బు వదులుగా ఉన్నప్పుడే అప్పుకు హద్దు పెట్టొచ్చు. న్యూజిలాండ్ 2013లో ఇంటి విలువలో ఎంత వంతు వరకు అప్పివ్వొచ్చో పరిమితులు తెచ్చింది. కెనడాలో 2018 నుంచి, ఒప్పందంలో ఉన్న రేటు కంటే కనీసం 2 శాతం ఎక్కువైనా కట్టగలరా అని చూశాకే బ్యాంకులు ఇంటి అప్పు ఇవ్వాలి. ఆ పరీక్ష నాకు పెట్టి ఉంటే తక్కువ అప్పు వచ్చేది. చిన్న ఇల్లు కొనేవాణ్ని, లేదా ఆగేవాణ్ని. అప్పుడు కోపం వచ్చేదేమో, ఇప్పుడు మాత్రం అది పెట్టి ఉంటే బాగుండేదనిపిస్తోంది.

కాబట్టి నేను అడిగేది ఇది. రేటు 2 శాతం పెరిగితే ఈఎంఐ ఎంతవుతుందో, ఈఎంఐ పెంచకపోతే ఎన్ని వాయిదాలవుతాయో సంతకానికి ముందే అప్పు పత్రం మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో రాయించండి. రేటు మారినప్పుడు గడువు పెంచాలా, ఈఎంఐ పెంచాలా, కొంత అసలు ముందే కట్టాలా అన్నది అప్పు తీసుకున్న మనిషిని అడిగి, జవాబు వచ్చాకే చేయమనండి. మీరు రేటు పెంచితే ఎన్ని రోజుల్లో మా మీద పడుతుందో, తగ్గిస్తే కూడా అన్ని రోజుల్లోనే మాకు అందాలి.

నేను 25వ వాయిదా నుంచి ఈఎంఐ పెంచి కడతానని అర్జీ పెట్టాను. జవాబు కోసం ఎదురుచూస్తున్నాను.

ఇట్లు,
ఇంకా 338 వాయిదాలు బాకీ ఉన్న ఒక ఉద్యోగి