ఇకనుంచి ఒక్క పూట, ఒక్క చోటు

సెప్టెంబర్ ఆఖరి శనివారం మాతో వచ్చిన పదకొండు కుటుంబాలకి ఆ రోజు ఎలా గడిచిందో నేను చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకి మాత్రం చెప్పాలి. ఆ రోజు చూశాకే ఈ శరత్కాలం ట్రిప్పులన్నీ మార్చేశాం, మీలో చాలామంది ఇప్పటికే బుక్ చేసుకుని ఉన్నారు.

కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక్క ముక్క. ఆరేళ్ల లోపు పిల్లలున్న కుటుంబాల్ని శని, ఆదివారాల్లో దగ్గర్లోని తోటలకి, పొలాలకి, చెట్ల బాటలకి తీసుకెళ్లడం మా పని. నేనూ మా చెల్లీ మూడేళ్లుగా చేస్తున్నాం.

ఆ రోజు పొద్దున పదింటికి ఆపిల్ తోట, మధ్యాహ్నం మేకలూ గొర్రెలూ ఉండే పొలం, సాయంత్రం వాగు పక్కన చెట్ల మధ్య నడక అనుకున్నాం. కాగితం మీద చూసుకుంటే ముచ్చటగా ఉంది. తోటలోనే గంట ఆలస్యమైంది. అక్కడే ఒక బాబు జ్యూస్ తాగుతుంటే గ్లాసు అంచు మీద వాలిన కందిరీగ పెదవి మీద కుట్టింది. పొలానికి బయల్దేరేసరికి పిల్లలు పడుకోవాల్సిన టైమ్. సగం మంది దారిలో కారు సీట్లలోనే నిద్రపోయారు. అప్పుడే కన్ను మూతపడ్డ పిల్లల్ని లేపి, కిందికి దింపి, మేకల ముందు నిలబెట్టాం. వాళ్లు మేకల్ని చూడలేదు, అమ్మ భుజం మీద మొహం దాచుకుని ఏడ్చారు. నడక ముగించి మళ్లీ కార్ల దగ్గరికి వచ్చేసరికి రాత్రి ఏడు దాటింది. చీకటి, చలి, తడిసిన సాక్సులు.

ఇందులో వాతావరణం తప్పేమీ లేదు. ఆ ప్లాన్ మేం జూలైలో వేశాం. జూలైలో ఏడింటికి ఇంకా ఎండ ఉంటుంది, ఆ లెక్కనే సెప్టెంబర్‌కీ వాడేశాం. సెప్టెంబర్ 22న గానీ 23న గానీ పగలూ రాత్రీ దాదాపు సమానమవుతాయి. ఏడాది మొత్తంలో పగలు అన్నిటికన్నా వేగంగా తగ్గేది ఆ రోజుల్లోనే. మనలాంటి ఉత్తరాది చల్లటి ప్రాంతాల్లో, అంటే 40 నుంచి 50 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య, రోజుకి రెండున్నర నుంచి దాదాపు నాలుగు నిమిషాల వెలుతురు పోతుంది. వారం తిరిగేసరికి ఇరవై నిమిషాలకి అటూ ఇటూ. పిల్లల్ని బయటికి తీసుకెళ్లడమే పనిగా పెట్టుకున్నవాళ్లం, ఇది చూసుకోకపోవడం మా తప్పే.

కానీ నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వనిది చీకటి కాదు, ఒక మూడేళ్ల పాప.

వాగు మీద చిన్న చెక్క వంతెన ఉంది. దాని పలకల మధ్య వేలు పట్టేంత సందు. పాప దారిలో ఏరుకున్న ఓక్ కాయల్ని గౌను ఒడిలో పోసుకుని ఆ వంతెన మీద బోర్లా పడుకుంది. ఒక కాయ తీసుకుంటుంది, దాని తల మీద టోపీలా ఉండే చిప్పని ఊడబీకుతుంది, సందులోంచి వదులుతుంది, చెక్కకి చెవి ఆనించి వింటుంది. కింద నీళ్లలో 'టప్' అని చప్పుడు. తలెత్తి వాళ్లమ్మ వైపు చూసి, మళ్లీ ఇంకో కాయ. ఒకసారి టోపీ కూడా వదిలింది. అది చప్పుడు చెయ్యలేదు. పాప చాలాసేపు ఎదురుచూసింది. తర్వాత లేచి వంతెన అవతలి వైపుకి పరుగెత్తి, టోపీ పడవలా తేలుకుంటూ బయటికి వస్తుంటే చూసింది. ఆ రోజంతా ఏడుస్తూ వచ్చిన పాప అది.

అప్పుడు నేను వాచీ చూసుకుని, "అమ్మా, లేటవుతోంది, పదండి" అన్నాను. వాళ్లమ్మ ఎత్తుకోబోతే పాప ఒడిలో కాయలన్నీ చెదిరిపోయాయి. "ఇంకొక్కటి, అమ్మా, ఇంకొక్కటే" అంటూ కార్ల దాకా ఏడ్చింది.

వెళ్లేటప్పుడు ఇంకో పిల్లాడి నాన్నగారు నన్ను పక్కకి పిలిచి నెమ్మదిగా ఒక మాట అన్నారు: "మేం వచ్చింది పిల్లలతో తిరగడానికండీ, పిల్లల్ని తిప్పడానికి కాదు." ఆయనకి నేనేమీ బదులు చెప్పలేకపోయాను. ఆయన అన్నది నిజం. మూడు చోట్లు పెడితే పెద్దవాళ్లకి ఇచ్చిన డబ్బుకి సరిపోయినట్టు ఉంటుందని, ఫొటోలు ఎక్కువ వస్తాయని అనుకున్నాం. పిల్లలకి ఏం కావాలో ఆ లెక్కలో లేనే లేదు.

ఆ పదకొండు కుటుంబాలకీ డబ్బు పూర్తిగా వెనక్కి పంపేశాం. ఇద్దరు ముగ్గురు వద్దన్నా పంపాం. కందిరీగ కుట్టిన బాబు బాగున్నాడు. వాపు మర్నాటికి తగ్గిందని వాళ్లమ్మగారు ఫోన్ చేసి చెప్పారు.

ఇకనుంచి ఒక ట్రిప్పుకి ఒక్క చోటే. పొద్దున తొమ్మిదిన్నరకి కలుస్తాం, పదకొండున్నరకి అయిపోతుంది. ఒకటి రెండేళ్ల పిల్లలకి మధ్యాహ్నం కునుకుతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి, మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకి 10 నుంచి 13 గంటలు. ఆ కునుకు మా వల్ల పోకూడదు. పన్నెండు కుటుంబాలకి బదులు ఆరే కుటుంబాలు. ఎవరైనా పిల్లలు దారిలో ఒక పురుగు దగ్గరో నీటిగుంట దగ్గరో కూర్చుండిపోతే, మాలో ఒకరు వాళ్ల దగ్గర ఉండిపోతాం. మిగతావాళ్లు ముందుకెళ్లినా ఫర్వాలేదు. దారి చివరిదాకా వెళ్లి తీరాలన్న నియమం ఏమీ లేదు.

ఫీజు విషయం దాచకుండా చెబుతాను. రోజంతా ఉన్న ట్రిప్పు రెండు గంటలకి తగ్గినా ఫీజు సగానికి తగ్గదు. కుటుంబాల సంఖ్య సగమైంది, వెంట ఉండే మనుషులం మాత్రం అంతే మందిమి. కొంత తగ్గించాం, అంతకన్నా తగ్గిస్తే మాకు నడవదు. ఇది నచ్చనివాళ్లు ముందే కట్టిన డబ్బు అడిగితే, కారణం చెప్పక్కర్లేకుండా పంపిస్తాం.

ఇక ఒక్కో చోటు గురించి, వచ్చే ముందు మీకు తెలిసి ఉండాల్సినవి.

ఆపిల్ తోటలో పిల్లలు కాయని పట్టుకుని కిందికి లాగుతారు. అలా లాగితే కాయతో పాటు చిన్న కొమ్మ విరుగుతుంది, వచ్చే ఏడాది పూత రావాల్సిన మొగ్గ దాని మీదే ఉంటుంది. అరచేతిలో కాయని పట్టుకుని పైకి ఎత్తి కాస్త తిప్పితే, పండినదైతే దానంతట అదే చేతిలోకి వస్తుంది. రాకపోతే ఇంకా పండలేదన్నమాట. రెండున్నరేళ్ల పిల్లలు కూడా ఇది ఒక్కసారి చూపిస్తే పట్టేస్తారు. ఎండ బాగా తగిలే బయటి కొమ్మల కాయలు ముందు పండుతాయి, కాబట్టి పొట్టి చెట్లున్న తోటలో పిల్లల చేతికందే పండ్లకి లోటుండదు. ఒక్కటే జాగ్రత్త, నాలుగేళ్ల లోపు పిల్లలకి ఉడికించని ఆపిల్ పెద్ద ముక్కలు ఇవ్వకండి, గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది. పల్చగా చెక్కి ఇవ్వండి. ఓక్ కాయలూ అంతే. ఏరుకోనివ్వండి, నోట్లో పెట్టుకోకుండా ఒక కన్ను వేసి ఉంచండి.

కందిరీగల గురించి ఆ శనివారం తర్వాత చాలా చదివాను. వేసవంతా అవి పురుగుల్ని పట్టుకెళ్లి గూట్లోని పిల్లలకి పెడతాయి, ఆ పిల్లలు బదులుగా వాటికి తీపి ద్రవం ఇస్తాయి. శరత్కాలం వచ్చేసరికి గూట్లో పిల్లలు తగ్గిపోతాయి, ఆ తీపి దొరకదు. అందుకే రాలిన పండ్ల మీదా మన జ్యూసు మీదా పడతాయి. మా ట్రిప్పుల్లో ఇకనుంచి బయట తాగడానికి నీళ్లే, అవి కూడా మూత ఉన్న సీసాల్లో. రాలిన పండ్ల కుప్పల దగ్గర ఆగం. కుడితే సబ్బుతో కడిగి చల్లటి గుడ్డ పెడతాం. పెదాలు, మొహం వాచడం, ఊపిరి కష్టమవడం, ఒళ్లంతా దద్దుర్లు, మళ్లీ మళ్లీ వాంతులు, వీటిలో ఏది కనిపించినా ఆలోచించకుండా ఎమర్జెన్సీకి ఫోన్ చేస్తాం. మీ పిల్లలకి ఇదివరకు ఎప్పుడైనా ఇలాంటి అలర్జీ వచ్చి ఉంటే బుకింగ్‌లోనే రాయండి, దయచేసి.

పొలంలో జంతువుల్ని ముట్టుకున్నాక చేతులు సబ్బూ, పారే నీళ్లతో 20 సెకన్లు కడగాలి. శానిటైజర్ రాస్తే చాలదు, కొన్ని రకాల క్రిములు దానికి చావవు. ఐదేళ్ల లోపు పిల్లలకి ఆ ఇన్ఫెక్షన్లు గట్టిగా వస్తాయి. అందుకని కుళాయి, సబ్బు ఉన్న పొలానికి మాత్రమే వెళ్తున్నాం. ఇంతకుముందు వెళ్లిన ఒక పొలంలో అవి లేవు, యజమాని మంచి మనిషే అయినా అక్కడికి వెళ్లడం మానేశాం. పాల పీకలు, పాల సీసాలు, తినేవి దొడ్డి బయటే ఉంచండి.

చెట్ల బాటలో పొడుగు గడ్డి ఉంటుంది. పిడుదులు తిరిగే ప్రాంతాల్లో శరత్కాలంలో కూడా అవి పట్టుకుంటాయి. పొడుగు ప్యాంటు వేసి, అంచుల్ని సాక్సుల్లోకి దోపండి. ఇంటికెళ్లాక స్నానం చేయించేటప్పుడు చెవుల వెనక, జుట్టులో, చంకల్లో, మోకాళ్ల వెనక చూడండి. కనిపిస్తే పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకుని తిన్నగా పైకి లాగాలి. నూనె రాయడం, కాల్చడం లాంటివి చెయ్యకండి.

పొద్దున పూట చలిగా ఉంటుంది, పదకొండయ్యేసరికి ఉక్కపోస్తుంది. ఒక మందం కోటుకి బదులు రెండు మూడు పల్చటి బట్టలు వేయండి, ఒక్కొక్కటే విప్పేయొచ్చు. దూది కోటు వేసిన పిల్లల్ని అలాగే కారు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టకండి. పైకి బెల్టు బిగుతుగానే కనిపిస్తుంది కానీ, యాక్సిడెంట్‌లో ఆ కోటు అణిగిపోయి బెల్టు వదులవుతుంది. కోటు విప్పి, బెల్టు పెట్టి, పైన దుప్పటి కప్పండి. సన్నటి జల్లు పడితే ట్రిప్పు ఆగదు. ఉరుము వినిపిస్తే వెంటనే కార్లలోకి వెళ్లిపోతాం, ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాల దాకా బయటికి రాం.

ఇన్ని జాగ్రత్తలు చెబుతున్నానని టెన్షన్ పడకండి. వీటిలో చాలావరకు మేం చూసుకుంటాం. మీ పని పిల్లల పక్కన కూర్చోవడమే. పోయిన వారం మా చెల్లి ఇద్దరు పిల్లల్ని ఒక మేపుల్ చెట్టు కింద కూర్చోబెట్టి, పచ్చటి ఆకు నుంచి ఎర్రటి ఆకు దాకా వరసగా పేర్పించింది. అరగంట పట్టింది. మధ్యలో నాలుగేళ్ల బాబు అడిగాడు, "పసుపు రంగు ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని. అది ముందునుంచీ ఆకులోనే ఉంది, పచ్చరంగు దాన్ని కప్పేసింది. రోజులు చిన్నవై చలి మొదలయ్యాక పచ్చరంగు విరిగిపోతుంది, అప్పుడు పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం చాలావరకు ఆకు అప్పుడు కొత్తగా తయారుచేసుకునేదే. చెల్లి ఇదంతా చెప్పాక ఆ బాబు ఒక పచ్చటి ఆకు తీసుకుని, లోపలున్న పసుపు కనిపిస్తుందేమోనని వెలుతురుకి ఎదురుగా పట్టి చూస్తూ నిలబడ్డాడు. పక్కన వాళ్ల తాతగారు కూడా ఇంకో ఆకు పట్టుకుని చూశారు.

అక్టోబర్‌లో మిగిలిన ప్రతి శనివారం, ఆదివారం ట్రిప్పు ఉంది. ఇప్పటికే బుక్ చేసుకున్నవాళ్లకి మొదటి అవకాశం, బుధవారం రాత్రిలోగా ఏ చోటు కావాలో మాకు మెసేజ్ పెట్టండి. గురువారం నుంచి మిగతా వాళ్లకి ఇస్తాం. స్ట్రోలర్ తోటలో బాగానే నడుస్తుంది, చెట్ల బాటలో వేర్లకి తగులుకుంటుంది, అక్కడికి చంటిపిల్లల్ని కట్టుకునే క్యారియర్ తెచ్చుకోండి. తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు వస్తామంటే వాళ్లకి వేరే ఫీజు లేదు.

వంతెన ఉన్న వాగు దగ్గరికి వచ్చే శనివారమే వెళ్తున్నాం. ఆ పూటంతా అక్కడే. ఆ పాప వాళ్లమ్మకి ముందుగానే ఫోన్ చేసి అడిగాను, వస్తామన్నారు. ఓక్ కాయలు ఏరుకోవడానికి పిల్లలకి తలా ఒక గుడ్డ సంచి మేం తెస్తాం. మీరు ఇంకో జత సాక్సులు తెచ్చుకోండి.