నాన్నగారికి యోహాను సువార్త చదివి వినిపించిన అక్కకు

చెన్నై ఆసుపత్రిలో మా నాన్నగారి పక్క మంచం దగ్గర ఉన్న నెల్లూరు అక్కా, మీ పేరైనా అడగలేదు. భయపడవద్దని అందరూ అన్నారు. మీరు మాత్రం "దేనికి భయం, బాబాయిగారూ?" అని అడిగి, ఆయన జవాబు చెప్పేవరకు ఆగారు. అప్పుడే యోహాను సువార్త 14వ అధ్యాయం తీశారు. "మీరు వెళ్లే చోటే తెలియదు, దారి ఎలా తెలుస్తుంది?" అని యేసును అడిగిన శిష్యుడు తోమా, సంప్రదాయం ప్రకారం ఈ ఊరి పరంగిమలై కొండ మీదే విశ్వాసం కోసం ప్రాణమిచ్చి హతసాక్షి అయ్యాడని చెప్పారు. "శిష్యుడికే సందేహమా!" అని నాన్నగారు నవ్వారు. మరునాడు నాన్నగారు మా బాబాయికి ఫోను చేయించుకుని పొలం తగాదాకు క్షమాపణ అడిగారు. (ప్రార్థన కన్నా ఆయనకు అదే కష్టం.) ఆదివారం ప్రభురాత్రి భోజనం తీసుకున్నారు. కిందటి నెల ప్రభువు సన్నిధికి వెళ్లారు, కలత లేకుండా. అమ్మ మిమ్మల్ని చూడాలంటోంది. మీకు మా వందనాలు, అక్కా.