మన షాపులో ఫోకస్ లైట్లు బిగించుకున్న ఓనర్లకూ డ్రైవరన్నలకూ

అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో మన ఎలక్ట్రికల్ షాపులో లారీ బంపరుకి ఫోకస్ లైట్లు పెట్టించుకున్నవాళ్లంతా వీలు చూసుకుని ఒకసారి బండి తీసుకురండి. పైసా ఇవ్వక్కర్లేదు. పని పుస్తకం తిరగేస్తే రెండేళ్లలో బిగించినవి 41 బండ్లు తేలాయి. వాళ్లందరికీ ఫోన్లు చేస్తున్నా. అంతకుముందు బిగించిన వాటికి లెక్క రాసుకోలేదు, మీరే గుర్తుపట్టి రావాలి. ఎందుకు రమ్మంటున్నానో వివరంగా రాస్తున్నా. కాస్త పొడుగే, కానీ తప్పు మాది కాబట్టి నేనే చెప్పాలి.

మొన్న వానల్లో కైకలూరు నుంచి హౌరాకి చేపల లోడుతో వెళ్తున్న బండిలో తుని దాటాక కాలిన వాసన వచ్చింది. రాత్రి ఒంటిగంట. డ్రైవరు బండి పక్కకి తీసి, దిగి చూస్తే క్యాబిన్ కింద నుంచి పొగ. తెలివైనవాడు, ముందు బ్యాటరీ కటాఫ్ తిప్పేశాడు. బండి మొత్తం ఆరిపోయింది గానీ పొగ ఆగలేదు. క్లీనరు కుర్రాడు టార్చి పట్టుకుని బ్యాటరీ పెట్టె మూత తీసి, ప్లస్ టెర్మినల్ మీద అదనంగా కనిపించిన ఎర్ర వైరుని కటింగ్ ప్లేయరుతో తెంపేశాడు. అప్పుడు ఆగింది. ఆ ఎర్ర వైరు మేం వేసిందే.

పొద్దున్నే ఆ డ్రైవరు ఫోన్ చేసి, "ఏంటి బాబాయ్, లైట్లు పెట్టమంటే పొయ్యి పెట్టావు?" అన్నాడు. తిట్టినా బాగుండేది.

బండి తిరిగొచ్చాక కింద దూరి చూశా. బ్యాటరీ పెట్టె నుంచి ముందుకి ఛాసిస్ పక్కనే నాలుగు మీటర్ల వైరు వెళ్తోంది. దారిలో ఒక బ్రాకెట్ అంచుకి ఒరుసుకుని స్లీవు తెగి, లోపలి రాగి ఛాసిస్‌కి తగిలింది. ఫ్యూజు లేదా అంటే ఉంది. క్యాబిన్ లోపల, స్విచ్ పక్కన. అంటే బ్యాటరీ నుంచి ఆ ఒరుసుకున్న చోటు వరకూ వైరుకి అడ్డూ అదుపూ లేదు. లారీ బ్యాటరీలు రెండూ కలిసి షార్టులోకి వందల ఆంపియర్లు తోస్తాయి, ఆ సన్న వైరే హీటరు కాయిల్ అయిపోతుంది. ఫ్యూజు కాపలా కాసేది వైరుకి. మేం కాపలావాణ్ణి వీధి చివర నిలబెట్టి ఇల్లు భద్రం అనుకున్నాం. కటాఫ్ తిప్పినా పొగ ఆగకపోవడానికి కారణం కూడా మా పనే. వైరుని కటాఫ్ దాటాక తీసుకోకుండా నేరుగా టెర్మినల్‌కే బిగించాం.

పని చేసింది మా కుర్రాడే. వాడికి అలా నేర్పింది నేను. ఫ్యూజు పోతే డ్రైవరు వానలో దిగకుండా సీట్లో కూర్చునే మార్చుకుంటాడని క్యాబిన్‌లో పెట్టేవాణ్ణి. ఏళ్ల తరబడి ఏమీ కాలేదు కాబట్టి అదే సరైనదనుకున్నా. ఆ బండికి కాలిన వైరు పక్కనున్న ఇండికేటర్ వైర్లు కూడా కరిగి అంటుకుపోయాయి. మొత్తం తీసి కొత్తగా వేసిచ్చాం. మళ్లీ కొట్టించిన ఐసు డబ్బులు ఇస్తానంటే ఓనరు గారు వద్దన్నారు.

మీరు వచ్చేలోపు ఒక పని చేయండి. బ్యాటరీ పెట్టె తెరిచి ప్లస్ మీద కంపెనీది కాని వైరు ఉందేమో చూడండి. ఉంటే, టెర్మినల్ నుంచి జానెడు దూరంలోపు ఫ్యూజు హోల్డరు కనబడాలి. కనబడకపోతే ఆ వైరు లగ్గు (చివర ఉండే లోహపు రింగు) విప్పేసి, చివరకి టేపు గట్టిగా చుట్టి పక్కన కట్టేయండి. ఫోకస్ లైట్లు వెలగవు, మిగతా బండికేం కాదు. విప్పేటప్పుడు ముందు మైనస్ తీయండి. ప్లస్ ముందు తీస్తే స్పానరు ఛాసిస్‌కి తగిలి చెయ్యి కాలుతుంది.

ఇప్పుడు ఎలా వేస్తున్నామో చెప్తా. కటాఫ్ స్విచ్ దాటాక 24 వోల్టుల ప్లస్ నుంచి 2.5 ఎంఎం వైరు తీసుకుంటాం, అక్కడే జానెడులోపు 10 ఆంపియర్ల ఫ్యూజు. 70 వాట్ల బల్బులు రెండంటే 140 వాట్లు, 24తో భాగిస్తే 6 ఆంపియర్ల లోపే. బండి స్టార్ట్‌లో ఉంటే ఛార్జింగ్ 28 దాకా పోతుంది కాబట్టి ఇంకొంచెం లాగుతుంది. 10 సరిపోతుంది. మాటిమాటికీ పోతోందని 20 వేసేవాళ్లున్నారు, దయచేసి వేయొద్దు. ఫ్యూజు పోతోందంటే ఎక్కడో తగులుతోందని అర్థం. అక్కడి నుంచి వైరు ముడత స్లీవులో నడిచి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) 30 పిన్నుకి వస్తుంది. 87 నుంచి లైట్లకి. 85 ఎర్తు. ఇక 86కి హై బీమ్ (దూరం కొట్టే హెడ్‌లైటు) వైరు నుంచి సిగ్నల్, మధ్యలో డ్యాష్‌బోర్డు మీద ఒక చిన్న స్విచ్. లైట్ల ఎర్తు కూడా బంపరు రంగు మీద స్క్రూ బిగించి వదిలేయం. రంగు గీకి, ఛాసిస్‌కి లగ్గు వేసి బిగిస్తాం. వెలుతురు తక్కువగా ఉందని వచ్చే బండ్లలో సగానికి రోగం ఎర్తులోనే ఉంటుంది. బల్బు దగ్గర వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుతురు దాదాపు మూడో వంతు పోతుంది.

రిలే ఎందుకు, హెడ్‌లైటు హోల్డరు వెనక నుంచే వైరు లాగితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. రెండొందలు మిగులుతాయని ఒకప్పుడు మేమూ అలా లాగాం. లారీ హెడ్‌లైట్ల హై బీమ్ ఒక్కోటి 75 వాట్లు, రెండూ కలిపి 6 ఆంపియర్ల పైన. కంపెనీ వాళ్లు వైరు, స్విచ్, ఫ్యూజు దానికి తగ్గట్టు పెట్టారు. ఇంకో 6 ఆంపియర్లు అదే దారిలో తోస్తే ముందు హెడ్‌లైట్లు మసకబారతాయి, తర్వాత హోల్డరు పసుపెక్కి పెళుసవుతుంది, చివరికి స్టీరింగ్ కింది కాంబినేషన్ స్విచ్ పాయింట్లు మాడతాయి. ఆ స్విచ్ ఖరీదు మీకు తెలుసు. రిలే కాయిల్ లాగేది ఆంపియరులో పదో వంతు. పాత పద్ధతిలో లాగిన బండ్లు కూడా తీసుకురండి, రిలే మా ఖర్చు.

రిలే మీద 24 అని ఉందో లేదో చూసి మరీ కొనండి. 12 వోల్టులది వేస్తే రెండు రోజులు బాగానే టిక్కుమంటుంది, తర్వాత కాయిల్ కాలుతుంది.

ఇక అసలు గొడవ. ఇక నుంచి హై బీమ్‌తో సంబంధం లేకుండా, విడి స్విచ్ మీద వెలిగే ఫోకస్ లైట్లు మేం వేయం. డిమ్ కొడితే అవీ ఆరాలి. స్విచ్ ఉంటుంది, కానీ అది హై బీమ్‌లో కూడా వద్దనుకున్నప్పుడు ఆపడానికే. డిమ్‌లో వెలిగించుకోవడానికి కుదరదు. ఈ మాటకి పోయిన నెల ఇద్దరు ఓనర్లు లేచి వెళ్లిపోయారు. ఒకాయన పది బండ్ల ఓనరు. "ఎదుటోడు డిమ్ కొట్టడు, మావాడెందుకు కొట్టాలి?" అన్నారు. నాకు నష్టమే, కాదనను. కానీ ఎదురుగా వచ్చే బైకువాడికి నాలుగు లైట్లు కళ్లలో పడితే వాడు రెండు మూడు సెకన్లు గుడ్డివాడే. 60లో వెళ్తే సెకనుకి 16 మీటర్ల పైచిలుకు. గిద్దలూరు నుంచి నంద్యాల వైపు ఘాట్‌లో మలుపు తిరగ్గానే ఎదురుబండి వస్తుంది. ఒక చేయి స్టీరింగ్ మీద, ఒక చేయి గేరు మీద ఉన్నప్పుడు డిప్పర్ కొట్టి (హెడ్‌లైటు డిమ్ చేసి), మళ్లీ డ్యాష్‌బోర్డు వెతికి రెండో స్విచ్ నొక్కేదెవరు? నేను అయిదేళ్లు క్లీనరుగా తిరిగినవాణ్ణి. ఎవరూ నొక్కరు.

డిమ్ కొట్టగానే ఒక్కసారిగా చీకటి పడిపోతోందని కొందరు డ్రైవరన్నల ఫిర్యాదు. నిజమే. ముందు వెలుతురు ఎంత ఎక్కువైతే తర్వాత చీకటి అంత చిక్కగా అనిపిస్తుంది. దీనికి మందు ఎక్కువ వాట్లు కాదు, హెడ్‌లైటు డిమ్‌ని సరిగ్గా సెట్ చేసుకోవడం. బల్బు నల్లబడిందేమో, రిఫ్లెక్టరు మెరుపు పోయిందేమో చూడండి. ఫోకస్ లైట్లకి నాలుగు వేలు పెట్టేముందు రిఫ్లెక్టర్లు మార్చి చూడమని ఈమధ్య నేనే చెప్తున్నా. అలా చెప్పి పోగొట్టుకున్న పనులూ ఉన్నాయి.

సెట్టింగు లోడు మీద చేయించుకోండి. ఖాళీ బండికి సెట్ చేస్తే, లోడు ఎక్కాక వెనక దిగి మూతి పైకి లేస్తుంది, లైటు చెట్ల కొమ్మల మీద పడుతుంది. గోడకి 10 మీటర్ల దూరంలో నిలబెట్టి, వెలుగు నడిబొడ్డు లైటు ఎత్తుకన్నా ఒక 10 సెంటీమీటర్లు కింద పడేలా బిగిస్తున్నాం.

క్యాబిన్ నెత్తిన లైటు బార్లు అడగొద్దు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 106వ రూలు ఏమంటుందంటే, లైటుకి 8 మీటర్ల ముందు, అరమీటరు కుడిపక్కన, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు గొలపకూడదు. 111వ రూలు స్పాట్ లైట్లూ సెర్చ్ లైట్లూ ప్రత్యేకంగా అనుమతి లేకుండా పెట్టొద్దంటుంది. బంపరు మీద పద్ధతిగా బిగించినా ఏ చెక్‌పోస్టులో ఏ ఆఫీసరు ఏమంటారో నేను హామీ ఇవ్వలేను. ఇన్నాళ్లూ "ఏం కాదులే అన్నా" అనేవాణ్ణి, ఇక అననండి. బుల్ గార్డు (బంపరు ముందు బిగించే ఇనప చట్రం) మీద బిగించమని వచ్చే చిన్న బండ్లవాళ్లకీ ఇదే మాట. 2017 డిసెంబరులోనే కేంద్రం ఆ గార్డుల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది.

ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చాయని 12 వోల్టుల లైట్లు తెచ్చి, రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి కరెంటు ఇమ్మనేవాళ్లు నెలకి నలుగురైనా ఉంటారు. ఇచ్చిన రోజులున్నాయి. ఇక లేదు. ఒక బ్యాటరీ వాడకమవుతుంది, రెండోది కాదు. ఛార్జింగ్ మాత్రం రెండింటికీ కలిపే వెళ్తుంది. వాడిన దానికి చాలదు, వాడనిది ఎక్కువై నీళ్లు మరిగిపోతాయి. ఏడాది తిరక్కుండానే జత బ్యాటరీలు మార్చి, బ్యాటరీ షాపువాణ్ణి తిట్టుకుంటారు. ఎల్‌ఈడీ లైటు వెనక స్టిక్కరు చూడండి. 10 నుంచి 30 వోల్టులు అని ఉంటే 24కి నేరుగా వేసుకోవచ్చు. 12 అని మాత్రమే ఉంటే వెనక్కి పంపేయండి.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 బండ్ల సంగతి వేరు. చాలావాటిలో లైట్లని కంట్రోలరు (బండిలోని చిన్న కంప్యూటరు) చూసుకుంటుంది. అక్కడ వైరు గీకి ఇంకోటి చుడితే డ్యాష్‌బోర్డులో వార్నింగు పడొచ్చు, వారంటీలో పేచీ రావచ్చు. ముందు మీ సర్వీసు సెంటరులో అడిగి రండి. వారంటీలో ఉన్న బండికి ఓనరు స్వయంగా వచ్చి ఒప్పుకుంటేనే చేస్తాం, డ్రైవరు చెబితే చేయం. వాటికి డయోడు ఉన్న రిలే వాడుతున్నాం, కాయిల్ ఆగినప్పుడు వచ్చే ఎదురు దెబ్బ కంట్రోలరుకి తగలకుండా. దానికి 86లో ప్లస్సే రావాలి. తిరగేస్తే షార్టు. మొదటి బండికి మావాడు తిరగేసి బిగించి ఒక ఫ్యూజు ఎగరగొట్టాడు, అది మా ఖాతాలోనే పోయింది. వైరు రంగులు నమ్మి కూడా చేయం. కొన్ని బండ్లలో హై బీమ్‌కి మైనస్ స్విచ్ అవుతుంది. టెస్ట్ ల్యాంపు పెట్టి చూశాకే కనెక్షను.

సంక్రాంతి ముందు మంచుకి ఇవి పనికొస్తాయా అని ఇప్పటినుంచే అడుగుతున్నారు. పనికిరావు. మంచులో హై బీమ్ వేస్తే తెల్లటి గోడ ఎదురుగా నిలబడ్డట్టు ఉంటుంది, ఇవి దాన్ని ఇంకా తెల్లగా చేస్తాయి. మంచుకి డిమ్‌తో వెలిగే ఫాగ్ లైట్లు వేరు, అవి బంపరు కింది భాగంలో ఉండాలి, వాటి కనెక్షనూ వేరు.

రేటు పెరిగింది. మొన్నటిదాకా లైట్లు కాకుండా కూలీ, సామాను కలిపి 1,200 తీసుకునేవాళ్లం. ఇప్పుడు 2,100. మంచి వైరు, రెండు స్లీవులు, 24 రిలే, నీళ్లు చొరని ఫ్యూజు హోల్డరు, ఇంకో గంటన్నర పని ఎక్కువ. పక్క వీధిలో 900కే చేస్తారు. అక్కడికెళ్లినా ఫ్యూజు మాత్రం బ్యాటరీ దగ్గరే పెట్టించుకోండి.

పాత బండ్ల రీవైరింగు మంగళవారం, శుక్రవారం పొద్దున 8 నుంచి మధ్యాహ్నం దాకా. రోజుకి మూడు బండ్లే పడతాయి, కాబట్టి ముందు రోజు ఫోన్ చేసి చెప్పండి. చేపలు, రొయ్యల బండ్లవాళ్లు లోడుకి వెళ్లే దారిలో ఏ రోజైనా ఆగొచ్చు, ముందు వాళ్లవే చూస్తాం. పాత బిల్లు అక్కర్లేదు, మా టేపు చుట్టుడు నేను గుర్తుపడతా.