‘ఎలుక’ అని శీర్షికలోనే వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో ‘పక్షవాతానికి మందొచ్చేసింది’ అన్న వార్త చూసి ఒంగోలు నుంచి మా పెదనాన్న ఫోన్ చేశారు. పెద్దమ్మకు కుడిచెయ్యి పడిపోయి రెండేళ్లు దాటింది. “బెంగళూరులో దొరుకుతుందా అమ్మా? ఎంతయినా పర్లేదు” అన్నారు. నేను చదివేది ఆ జబ్బు గురించే కదా, నాకు తెలియకుండా ఉంటుందా అని ఆయన ఆశ. ప్రయోగం ఎలుకల మీద అన్న ముక్క మీరు చివరి వాక్యంలో వేశారు. అందాకా ఎవరు చదువుతారండీ?

ఎలుకలకు పక్షవాతం తెప్పించి మేం చేసేది ఇదీ. మత్తిచ్చి, మెడలోని రక్తనాళం గుండా సన్నటి నైలాన్ పోగును మెదడు నాళం దాకా పంపి, ఓ గంట రక్తం ఆపి, తీసేస్తాం. రక్తం అందని కణంలో ముందు ఏటీపీ, అంటే కణానికి శక్తినిచ్చే పదార్థం, అడుగంటుతుంది. (ఆ ఏటీపీని కనుగొన్నవాళ్లలో మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. ఈ మాట చెప్పే అవకాశం వదులుకోను.) తర్వాత నాడీకణాల మధ్య కబుర్లు మోసే గ్లుటమేట్ అనే రసాయనం బయటికి పొంగుతుంది, కాల్షియం లోపలికి చొరబడుతుంది, కణం చస్తుంది. మర్నాడు మెదడును పలచటి ముక్కలుగా కోసి టీటీసీ అనే రసాయన ద్రావణంలో వేస్తే బతికున్నచోటు ఎర్రగా, పోయినచోటు తెల్లగా తేలుతుంది. మందిచ్చిన ఎలుకలో తెలుపు తగ్గితే ఆ రోజు ల్యాబ్‌లో పండగే.

అయితే ఆ ఎలుక పడుచుది. బీపీ లేదు, షుగర్ లేదు. రక్తం ఏ నిమిషంలో ఆగిందో మాకు తెలుసు, ఆపింది మేమే గనక. పెద్దమ్మకు నిద్రలో వచ్చింది, ఎప్పుడొచ్చిందో ఇంట్లో ఎవరికీ తెలీదు.

2006లో వచ్చిన ఒక సమీక్ష అప్పటిదాకా ప్రయత్నించిన 1,026 చికిత్సలను లెక్కగట్టింది. మెదడు కణాలను కాపాడతాయని ఎలుకల్లో మెరిసినవి మనుషుల దగ్గరికి వచ్చేసరికి తేలిపోయాయి. ఎన్‌ఎక్స్‌వై-059 అనే మందు మనుషుల మీద మొదటి పెద్ద పరీక్షలో ఆశ పుట్టించింది. 2007లో రెండో పరీక్ష ఫలితాలు అచ్చయ్యాయి, ప్రయోజనం సున్నా. ఇవాళ్టికీ ప్రధానంగా చేతిలో ఉన్నవి మామూలుగా నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాల్సిన, మెదడు నాళానికి అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను, కొందరిలో గొట్టంతో గడ్డను లాగేసే పద్ధతి. పెద్దమ్మకు ఆ రెండింటి వేళా ఏనాడో దాటిపోయింది.

ఇలాంటి వార్తలు వేయొద్దనను. మా పని గురించి రాసేవాళ్లే తక్కువ. శీర్షికలో ‘ఎలుకల్లో’ అని చేర్చండి, రక్తం ఆగిన ఎంతసేపటికి మందిచ్చారో మొదటి పేరాలో చెప్పండి. వీలైతే ఈ ఉత్తరాన్ని అదే పేజీలో వేయండి. నేను ఫోన్లో ఎంత చెప్పినా పెదనాన్న పేపర్లో పడిందే నమ్ముతారు.

– ఒక పరిశోధక విద్యార్థిని, మారతహళ్లి, బెంగళూరు